జానెడు ఎత్తులో గాలి

అక్క చివరిసారిగా చేసిన పని రబ్బరు బూట్లు కడగడం. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, అడుగున గాడుల్లో ఇరుక్కున్న ఊకని పాత బ్రష్షుతో తీసి, మందు నీళ్ళలో ముంచి, రెండింటినీ గోడ మీద తిరగేసి పెట్టింది. అలా పెట్టకపోతే బల్లి వచ్చి కాపురం పెడుతుందని ఆమె భయం. తర్వాత లోపలికి వచ్చి, "కాసేపు నడుం వాలుస్తా, నాలుగింటికి లేపండి" అంది బావతో. నాలుగింటికి బావ లేపాడు. అక్క లేవలేదు.

ఆమె ఉద్యోగం ఏమిటని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో జవాబు చెప్పేవాళ్ళం. అమ్మ "కంపెనీలో ఆఫీసరు" అనేది. బావ "కోళ్ళకి మేనత్త" అనేవాడు. అసలు సంగతి ఇది. ఒక పెద్ద ఆహార కంపెనీ రెండు వందల షెడ్లలో కోళ్ళు పెంచిస్తుంది. వాటిని ఎలా చూసుకోవాలో చెబుతూ ఒక పుస్తకం వేసింది. నీళ్ళు, వెలుతురు, చోటు, గాలి, కాళ్ళ పుండ్లు, అన్నిటికీ నియమాలున్నాయి. ఆ పుస్తకం పట్టుకుని షెడ్డు షెడ్డుకీ తిరిగి, అవి అమలవుతున్నాయో లేదో చూడడం అక్క పని. ఇరవై రెండేళ్ళు చేసింది.

"నేను దగ్గితే ఊఁ అని అటు తిరుగుతుంది. ఎక్కడో కోడి తుమ్మిందంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తుంది" అని బావ గోల.

"కోడి నోరు తెరిచి మందు అడగలేదు కదా. మీకు నోరుందిగా, కావలసినంత!"

చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా, "మరి నువ్వు కోడి తింటావా?" అని అడిగేవారు. "తింటాను. తినేదాన్ని కాబట్టే చూస్తాను" అని కంచం మీదికి వంగేది.

ఒకసారి ఆమె స్కూటరు మొరాయిస్తే నేను కారులో తీసుకెళ్ళాను. ఆ షెడ్డు యజమాని పెద్దాయన, నవ్వు ముఖం. తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న మీటరు చూపించాడు. తడిసిన ఊకలోంచి లేచే అమ్మోనియా ఘాటుని కొలిచే మీటరు అది. నా ఛాతీ ఎత్తున ఉంది.

"పదకొండు! ఇరవై దాటకూడదనే కదమ్మా మీ పుస్తకం? రాసుకోండి మరి."

అక్క మీటరుని మేకు నుంచి తీసింది. షెడ్డు మధ్యకి నడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. బొటనవేలు ఊక మీద ఆనించి, చిటికెన వేలు పైకి చాచి, ఆ కొసన మీటరు పట్టుకుంది. చుట్టూ కోళ్ళు కళ్ళు మూసుకుని కూర్చున్నాయి. నిద్రపోతున్నాయనుకున్నాను.

"నిద్ర కాదురా, మంట" అంది నా వైపు చూడకుండానే.

మీటరు ముప్ఫై ఒకటి చూపించింది.

"అన్నయ్యగారూ, ఆ మేకు దగ్గరున్నది మీ గాలి. ఇది వీటి గాలి. ఛాతీ ఎత్తున ఊపిరి పీల్చే కోడి మీ దగ్గరుంటే చూపించండి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతా."

ఆయనకి కోపం రాలేదు. ఆమె సంచిలోంచి తొంగి చూస్తున్న పుస్తకం తీసుకుని, ఆ పేజీ తెరిచి ఇచ్చాడు. "ఎత్తు ఎక్కడ రాసుందో మీరే చూపించండమ్మా."

ఎక్కడా రాసి లేదు. అక్క పదకొండే రాసుకుంది. బూట్లు విప్పకుండానే వచ్చి కారెక్కింది. అలాంటి తప్పు ఆమె ఎన్నడూ చేసి ఎరగదు.

ఆ ఒక్క వాక్యం పుస్తకంలోకి ఎక్కించడానికి మూడేళ్ళు ఉత్తరాలు రాసింది. రాసింది అంటే, ఆమె చెబుతుంటే నేను రాశాను. ఒక దాంట్లో "పొగ నిండిన గదిలో పాకే పసిపాపలా" అని కలిపితే కొట్టేయించింది. "కోడిని కోడిలాగే ఉండనీరా. పాపలూ పువ్వులూ నీ కథల్లో పెట్టుకో." కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది ఇంతే: గాలిని నేల నుంచి జానెడు ఎత్తులో కొలవాలి.

కంపెనీలో ఆ పుస్తకం చూసే అధికారి ప్రతిసారీ ఒకటే జవాబు పంపేవాడు. "జానెడు అన్నది కొలత కాదు. ఎవరి జాన?"

"ఎవరిదైనా సరే, మేకంత ఎత్తుండదని రాయి" అనేది అక్క.

చివరి ఉత్తరానికి జవాబే రాలేదు. తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది.

"ఏమన్నాడే?" అని అమ్మ అడిగింది.

"టీ ఇచ్చాడు."

అంతకు మించి చెప్పలేదు. అది జరిగిన రెండు నెలలకి పోయింది.

తర్వాత నెల తిరక్కుండా ఆ అధికారి ఇంటికి వచ్చాడు. ఉత్తరాలు చదివి ముసలాడనుకున్నాను, నాకన్నా చిన్నవాడు. కొత్తగా అచ్చయిన పుస్తకం బావ చేతిలో పెట్టాడు. బావ కళ్ళజోడు వెతుక్కుంటుంటే నేను తీసుకుని, గాలి గురించి ఉన్న పేజీ చూశాను. కొలత నేల నుంచి పందొమ్మిదిన్నర సెంటీమీటర్ల ఎత్తులో తీసుకోవాలి అని ఉంది.

"అక్కకి తెలుసా?" అన్నాను.

"లేదండీ. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదోనని చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "ఈ అర ఏమిటండీ? ఇరవై అనేస్తే పోయేదిగా?"

"పైవాళ్ళూ అదే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఆవిడ వచ్చిన రోజు, జానెడంటే ఎంతో మీరే చెప్పండి అన్నాను, కాస్త విసుగ్గానే. టీ కప్పు పక్కకి జరిపి నా బల్ల మీద చెయ్యి పరిచారు. స్కేలు పెట్టి కొలిచాను."

యాభై ఒక్క ఏళ్ళు తమ్ముణ్ణిగా ఉన్నాను. మా అక్క జాన పందొమ్మిదిన్నర సెంటీమీటర్లని ఆ రోజు తెలిసింది.