రాజమణి భక్షాల మీద నేను వేసిన నింద

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడరు.

అప్పుడు నేను మెట్‌పల్లిలో ఒక హోటల్‌కు మేనేజర్‌ని. పదో తరగతి కలిసి చదువుకున్న ముప్పై మంది పాతికేళ్ల తర్వాత కలుసుకుని, ఒక ఆదివారం మా దగ్గర మధ్యాహ్న భోజనం పెట్టుకున్నారు. వాళ్లలో రాజమణి ఒకామె. ఇంట్లో భక్షాలు, అదే బొబ్బట్లు, చేసి పెళ్లిళ్లకు ఇచ్చేది. పూర్ణం అంత మెత్తగా ఊళ్లో ఇంకెవరికీ కుదరదని పేరు. ఆ రోజు దోస్తుల కోసం ఒక పెద్ద డబ్బా నిండా తెచ్చింది.

మా ఫ్రిజ్ ముందురోజే చెడిపోయింది. పొద్దున వంటమనిషి చికెన్ గిన్నె మూత తీసి, వాసన వస్తోందని నన్ను పిలిచాడు. నాకూ వచ్చింది. కడిగి, మసాలా ఎక్కువ వేయమన్నాను. మళ్లీ తెప్పించే టైం లేదనుకున్నానా? ఓనర్ తిడతాడని భయపడ్డానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

సాయంత్రానికి పదిమందికి పైగా వాంతులు. ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు ఫోన్ తెరిస్తే మా హోటల్ పేరు కింద వరసగా ఒక్క స్టార్ రివ్యూలు. దుబాయిలో ఉన్న ఓనర్ ఫోన్ చేసి, ఏమన్నా రాయి గానీ పేరు పోవద్దన్నాడు. రాశాను. మా వంటలో లోపం లేదని, బయటినుంచి తెచ్చుకున్న తీపి వల్లే అలా అయిందని ప్రతి రివ్యూ కిందా పెట్టాను. ఆమె పేరు రాయలేదు. రాయాల్సిన పనేముంది? డబ్బా ఎవరు తెచ్చారో అందరికీ తెలుసు. రెండు రోజుల్లో ముగ్గురు తమ రివ్యూలు తీసేసుకున్నారు. అప్పుడు నాకు సంతోషమైంది. అది కూడా చెప్పాలి.

వారానికి ఆమె వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను మాంసం తినను సార్. ఆ రోజు నా భక్షాలే మూడు తిన్న. నాకేం కాలే."

"గా మాట నాకెందుకు చెప్తున్నవక్కా? మీ దోస్తులకు చెప్పు."

"చెప్పిన. హోటలోళ్లే గట్ల రాసిన్రు గదా అంటున్నరు. మీరు రాసింది తీసేస్తే నమ్ముతరు."

ఓనర్‌ను అడిగి తీసేస్తానన్నాను. ఆమె నమ్మింది. చేతులు జోడించి మరీ వెళ్లింది. నేను ఓనర్‌ను అడగనే లేదు.

ఆ ఏడాది పెళ్లిళ్లలో ఎక్కడా ఆమె భక్షాలు కనబడలేదు. బీడీలు చుట్టుకుంటోందని వంటమనిషి ఒకరోజు చెప్పి, నా వైపు చూడకుండా లోపలికి పోయాడు. తర్వాత ఒక్కసారి బస్టాండులో ఎదురుపడింది. తప్పుకుందామనుకునేలోపే, "బాగున్నరా సార్" అని అడిగింది. అంతా తెలిసే పలకరించిందా, లేక నేను నిజంగానే ఓనర్‌ను అడిగానని, అతనే ఒప్పుకోలేదని ఇంకా నమ్ముతోందా? ఏది నిజమైతే నాకు తేలిక? ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. అందులో కోపం ఉంటే బాగుండేది.

హోటల్ మూతబడింది. నేను రాసిన మాటలు మాత్రం ఆ రివ్యూల కింద ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె క్షమిస్తుందని ఇది రాయడం లేదు. చదువుతుందో లేదో కూడా తెలియదు. ఉన్నదున్నట్టు ఒక్కసారైనా నా చేత్తో రాయాలనిపించింది.

చికెన్ పాడైంది. తెలిసే వడ్డించాను. రాజమణి భక్షాల్లో ఏ దోషమూ లేదు.