అన్నయ్య ట్యాంకుకు బ్యాటరీ

ఆమెది కాలిపోయిన మోటార్లకు రాగితీగ మళ్ళీ చుట్టి వైండింగ్ చేసే షాపు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక షట్టరు తాళంచెవితో పాటు ఆ పనీ ఆమెకే వచ్చింది. పంపు మోటారు విప్పి ఒక్కసారి వాసన చూస్తే చాలు, ఎందుకు కాలిందో చెప్పేసేది. వీధంతా ఆమెను వైండింగక్క అనేవారు. అన్నయ్య ఒక్కడే బుజ్జీ అని పిలిచేవాడు. సైన్యం నుంచి తిరిగొచ్చాక అదీ మానేశాడు.

అన్నయ్య పదకొండేళ్లు యుద్ధ ట్యాంకు నడిపాడు. తిరిగొచ్చేటప్పటికి మోచేతుల దాకా కాలిన మచ్చలు, ఎడమచేతికి వంగని మూడు వేళ్లు. ఏం జరిగిందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. నాలుగేళ్లు షాపు వెనక గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఒకరోజు ఉన్నట్టుండి రేకు కత్తెర కావాలన్నాడు. ఎందుకని అడిగితే మళ్ళీ నోరు మూసుకుంటాడేమోనని ఆమె కిక్కురుమనకుండా ఇచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. మూరెడు పొడవున్న ట్యాంకు తయారైంది. నూనె డబ్బాల రేకుతో ఒళ్ళు, సైకిలు గొలుసులతో పట్టాలు, పాత కార్ల అద్దాలు తుడిచే మోటార్లు రెండు, దూరం నుంచి నడపడానికి ఒక రిమోటు. ఇక కావలసింది బ్యాటరీ ఒక్కటే.

అక్కడే పని చతికిలబడింది. టార్చిలైటు సెల్స్ ఎనిమిది కలిపి పెడితే ట్యాంకు నాలుగడుగులు వేసి నీరసపడింది. ఆ మోటార్లు కరెంటును గటగటా తాగే రకం. అప్పుడు అన్నయ్య మూలన పడివున్న యూపీఎస్ విప్పి, అందులోని సీసం బ్యాటరీని చేత్తో తూచి చూశాడు.

“ఇదే పెడదాం.”

“రెండున్నర కిలోలుంది అన్నయ్యా! ఎలా లాగుతుంది?”

“ట్యాంకంటే బరువుండాలి. లేకపోతే పట్టా నేలని పట్టదు, జారుతుంది.”

మాట నిజమే. కానీ ఇటుకంత ఉన్న ఆ బ్యాటరీ ట్యాంకు పొట్టలో ఇమడలేదు. పైకప్పు జానెడు పైకి లేచింది. పక్క షాపులో ఫోన్లు బాగుచేసే ఆయన తొంగిచూసి నవ్వాడు.

“ఇదేంటండీ, మీ ట్యాంకుకి నెలలు నిండినట్టున్నాయి! నా దగ్గర లిథియం ప్యాకు ఉంది. అరచేతిలో పడుతుంది, దీనికి మూడింతలు పరిగెత్తిస్తుంది.”

“అది మండుతుంది,” అన్నాడు అన్నయ్య.

“జాగ్రత్తగా వాడితే ఏమీ కాదండీ. మన జేబుల్లో ఫోన్లు మండుతున్నాయా ఏంటి?”

అన్నయ్య లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ట్యాంకు ఒళ్ళంతా విప్పి, సీసం బ్యాటరీకి సరిపోయేలా మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. వంగని వేళ్లతో రేకు వంచుతుంటే పాత మచ్చలు చిట్లి నెత్తురు కారేది. ఆమె గుడ్డ చుడితే విప్పి పడేసేవాడు. మూడు వారాలు చూసింది. ఇక చూడలేక, అతను జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళిన పూట లిథియం ప్యాకు తెచ్చి లోపల బిగించేసింది. ఒక్కసారి పరిగెత్తడం చూస్తే పట్టు వదులుతాడనుకుంది. తొందరలో ఫ్యూజు వేయలేదు. ఫ్యూజు లేకుండా మోటారు నడిపి కాల్చుకొచ్చిన ప్రతివాడికీ చీవాట్లు పెట్టే మనిషి తను.

అతను రాగానే రిమోటు చేతిలో పెట్టింది. ట్యాంకు రివ్వున కదిలింది. అంత తేలిగ్గా ఎలా పోతోందని అతను అడగాల్సింది. తెలిసీ అడగలేదో, సంతోషంలో మరిచాడో. మలుపు తిప్పాడు, వెనక్కి నడిపాడు, నేలమీది రాగితీగ కుప్ప మీదుగా ఎక్కించాడు.

“బుజ్జీ, చూశావా!”

ఆ పిలుపు విని ఆమె ట్యాంకును వదిలేసి అతని మొహం చూసింది.

తీగముక్క ఒకటి పట్టాలో ఇరుక్కుంది. మోటారు తిరగలేక గుర్రుమంది. అతను ఇంకాస్త జోరు పెంచాడు. ఆమె వద్దనేలోపే లోపల బుస కొట్టిన చప్పుడు, తెల్లటి పొగ, వెంటనే రేకుల సందుల్లోంచి మంట.

ఆమె వెనక్కి దూకింది. అతను ముందుకు దూకాడు. మోకాళ్ల మీద కూలబడి, కాలుతున్న పైకప్పును ఒట్టి చేతులతో పీకసాగాడు.

“బయటికి రండి! తలుపు రావట్లేదు, తన్నండి! లోపల్నుంచి తన్నండి!”

ఆమె పట్టుకుని లాగితే చొక్కా చిరిగింది కానీ అతను కదల్లేదు. ఫోన్ల ఆయన ఇసుక బకెట్టుతో పరిగెత్తుకొచ్చి కుమ్మరించాక, ఇద్దరూ కలిసి అతన్ని వీధిలోకి ఈడ్చుకొచ్చారు.

ఆస్పత్రిలో పదిహేడు రోజులు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. ఆరో రోజున ఆమె మంచం పక్కన కూర్చుని నోరు విప్పింది.

“నేనే మార్చానన్నయ్యా. ఫ్యూజు కూడా వెయ్యలేదు.”

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అతను కప్పుకేసి చూస్తూ చెప్పాడు.

“ట్యాంకులో డ్రైవరు తలుపు వేరేగా ఉంటుంది బుజ్జీ. అది తెరుచుకుంది, నేను బయటపడ్డాను. పైతలుపు బిగుసుకుపోయింది. లోపల ముగ్గురు. తడుతూనే ఉన్నారు.”

ఆమె అతని కాలి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. చేతులు పట్టుకుందామంటే రెండూ కట్లలో ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఇద్దరిలో ఎవరూ ట్యాంకు ఊసెత్తలేదు. పొద్దున్నే అతని చొక్కా గుండీలు ఆమే పెడుతుంది, అన్నం ఆమే కలిపి తినిపిస్తుంది. షాపులో తన బల్ల పక్కనే కుర్చీ వేసింది. ఆమె తీగ చుడుతుంటే అతను ఆ ముగ్గురి గురించి చెబుతాడు. ఒకడికి నిద్రలో పాడే అలవాటట. ఇంకొకడు పెళ్ళానికి ఉత్తరాలు ఇతని చేతే రాయించుకునేవాడట. మూడోవాడి దగ్గరికి రాగానే తిరిగి మొదటివాడి పాటల దగ్గరికి వెళ్ళిపోతాడు. వింటూ వింటూ ఆమె చుట్ల లెక్క తప్పుతుంది. తీగంతా విప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది.