మామ తుపాకి మీది బంగారు అక్షరాలు

ఆదోని బస్సు కండక్టరు మా వీధి మలుపులో బండి నిలిపించి, "మీ మామ పోయినాడంటప్పా, తెల్లారుజామున. మీ అత్త సెప్పి రమ్మనె" అని విజిలు ఊదాడు. ఎమ్మిగనూరులో ఆ కబురు చెప్పాల్సిన మనిషి నాకు ఇంకొకరున్నారు. మా పక్కింటి దుప్పట్ల వ్యాపారి. విన్నాక చొక్కా మార్చుకుని నాతో బస్సెక్కాడు. ఏళ్ల తరబడి మామతో పోట్లాడిన మనిషి ఆయన.

పోట్లాట తుపాకుల గురించి.

మామది మద్రాసులో పెద్దలు కొన్న రెండు గొట్టాల వేట తుపాకి. గొట్టాల మధ్య పట్టీ మీద దుకాణం పేరు బంగారు అక్షరాల్లో చెక్కి ఉండేది. ఆ దుకాణం దొర పేరు మాకెవరికీ నోరు తిరగదు కాబట్టి "ఏదో దొర అండ్ సన్స్, మద్రాసు" అనేవాళ్లం. పెళ్లి పిలుపుకి వచ్చినవాళ్లయినా సరే, మామ తుపాకి తెచ్చి ఒళ్లో పెట్టి "సదువు" అనేవాడు. చదివినవాళ్లకు కాఫీ, చదవనివాళ్లకు మజ్జిగ. అది ఆ ఇంటి చట్టం.

నేను చూసినంతలో ఆ తుపాకి ఒక్క ప్రాణినీ చంపలేదు. మామ కౌజు పిట్టల వేటకు గుట్టల్లోకి పోయేవాడు. అక్షరాల మీద దుమ్ము పడిందని పైపంచెతో తుడిచేలోపు కౌజులు లేచిపోయేవి. ఉత్త చేతులతో ఇంటికి ఎట్లా వచ్చేదని దారిలో వంకాయలు కొనుక్కొచ్చేవాడు. "ఈ వంకాయ ఎగురుతాంటే కొట్టినావా, కూసోనుంటే కొట్టినావా?" అని అత్త అడిగేది.

వ్యాపారిది బొంబాయి దుకాణపు తుపాకి. చూడ్డానికి అచ్చం మామదే, పేరొక్కటే వేరు. నూలు కొనడానికి ఆదోని వచ్చినప్పుడల్లా మామ ఇంటికొచ్చి, మామ తుపాకి కట్టె నిమిరేవాడు, గొట్టంలోకి తొంగి చూసేవాడు. చదవమంటే మాత్రం "అద్దాలు మర్సి వస్తినప్పా" అనేవాడు. అద్దాలు జేబులోంచి కనబడుతూనే ఉండేవి. చదివితే బొంబాయి ఓడిపోయినట్టు కదా. అందుకే ఆయనకు ఎప్పుడూ మజ్జిగే. ఊరంతా చదివినా మామకు తృప్తి లేదు, ఆ ఒక్కడు చదవాలి.

ఒక దసరాకి ముందు, ఆయుధపూజకు శుభ్రం చేయిద్దామని ఇద్దరూ తుపాకులు మోసుకుని మరమ్మతు చేసే సాయిబు దగ్గరికి పోయారు. నేనూ వెంట ఉన్నాను. సాయిబు గొట్టాలు విప్పి బోర్లా తిప్పాడు. రెండింటి అడుగునా ఒకటే ముద్ర, బెల్జియంలోని ఒకే కార్ఖానాది.

"దుకాణాలోళ్లు ఆడినుంచి తెప్పిచ్చి, పైన వాళ్ల పేర్లు కొట్టుకుంటారన్నా" అన్నాడు సాయిబు.

ఇద్దరూ వంగి ఆ ముద్రల్ని ఒకటికి రెండుసార్లు చూశారు. మామే ముందు తేరుకున్నాడు.

"నన్నూ మా ఇంటికి దత్తు తెచ్చుకున్నారు. నువ్వు యాడ పుడితివని ఎవరన్నా అడుగుతాండారా? ఎవరి పేరు పెట్టుకుంటే వాళ్ల బిడ్డే. ఇది మద్రాసుదే."

"అట్లయితే నాది బొంబాయిదే" అన్నాడు వ్యాపారి.

పోట్లాట ఇంకాస్త గట్టిపడింది. తండ్రి లేని నన్ను ఇంట్లో పెట్టుకుని చదివించింది మామే. 'వాళ్ల బిడ్డే' అన్న మాట ఆయన తుపాకి గురించే అన్నాడు, కానీ నేను ఈనాటికీ ఆ మాట మీదే బతుకుతున్నాను.

మేం పోయేసరికి మామను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. అత్త ఏడుపు మధ్యలోనే, "లైసెన్సు ఆయన పేరున ఉండె. తుపాకి రేపు టేషన్లో అప్పజెప్పల్లంట నాయనా" అంది. అది గోడకు ఆనించి ఉంది.

వ్యాపారి దాన్ని తీసుకుని మామ తల పక్కన కూర్చున్నాడు. పైపంచె కొసతో పట్టీ తుడిచాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. అక్షరాల మీద వేలు జరుపుతూ, నోరు తిరగని ఆ దొర పేరు కూడబలుక్కుని, మద్రాసు దాకా గట్టిగా చదివాడు. చదివి, మామ మొహం వంక చూశాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, "పక్కింట్లో అడిగి ఆయప్పకు కాఫీ తెచ్చియ్యండి" అంది.