ఐదో అంతస్తు వాల్వు

మొన్న పొద్దున మా చెల్లెలి కూతురు కొరియా నుంచి ఫోను చేసింది. అక్కడేదో ఫ్యాక్టరీలో పని, బర్మా ఆడపిల్లలు నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉంటోంది. ఆ దేశంలో చలికి ఇంటి నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు పారిస్తారట, గదికొక వాల్వు చొప్పున వంటింటి తొట్టి కింద వరసగా బిగించి ఉంటాయట. మిగతా గదులన్నీ కాళ్లు కాలేలా ఉంటే చివరనున్న తన గది మాత్రం ఐసుగడ్డలా ఉందని, "పెద్దమ్మా, ఏటి సెయ్యాల?" అని ఫోను ఆ గొట్టాల వైపు తిప్పి చూపించింది. నీ వాల్వు పూర్తిగా తెరిచే ఉంచు, దగ్గర గదులవి ఒక్కొక్కటి పావు తిప్పు బిగించు, ఒక పూట ఆగి గొట్టం మీద చెయ్యి పెట్టి చూడు అన్నాను. సాయంత్రానికి గది వెచ్చబడిందని మళ్లీ చెప్పింది. మంచు మొహం ఎరగని, సంతకం తప్ప అక్షరం రాని నాలాంటి దానికి ఇదెలా తెలిసిందని మీరు అడగొచ్చు. అది మా ఆయన చేతి విద్య.

ఆయన ఇక్కడ రంగూన్‌లోనే, ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో ఆవిరి గొట్టాల పని చేసేవాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చిన మనిషి. మనవడి దగ్గరికొచ్చేసరికి వీపు మీద మూట పోయి చేతికి పానా వచ్చింది. మేం కాపురం పెట్టింది ఊరి నడుమ పబేడాన్ పేటలో, ఐదంతస్తుల పాత మేడలో అన్నిటికన్నా కింది ఇంట్లో. మేడ మొత్తానికి ఒకటే పంపు, అది మా వంటింటి వెనక సందులో ఉండేది, దాని పక్కన గోడకి అంతస్తుకొకటి చొప్పున ఐదు వాల్వులు. అన్నీ తెరిచి వదిలేస్తే మొదటి అంతస్తులో డ్రమ్ములు పొంగి పొర్లేవి, ఐదో అంతస్తుకి గాలి తప్ప ఎక్కేది కాదు. అందుకని ఆయన పనికి పోయేముందు గొట్టాల మీద అరచెయ్యి ఆనించి, నీళ్లు ఎక్కే అదురు చూసుకుంటూ, కింది వాల్వులు కొంచెం కొంచెం బిగించేవాడు. "దగ్గరోడికి తగ్గిత్తే గాని దూరపోడికి అందదే" అంటూ నా చెయ్యి కూడా పట్టి గొట్టం మీద పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో నా చెయ్యి పట్టుకోవడానికి అదొక వంక అని తర్వాతెప్పుడో తెలిసింది. చెప్పుకుంటే సిగ్గే గానీ, మన వయసు వాళ్ల దగ్గర దాచడమెందుకు.

ఆయన పోయాక వాల్వులు నాకు మిగిలాయి. పిల్లలు లేరు. దినాలయ్యేదాకా ఇంటినిండా జనం, తర్వాత పిట్ట లేదు. కరెంటు వంతులవారీగా వచ్చే రోజులొచ్చాయి, అది రాగానే పంపు వెయ్యడం, వాల్వులు తిప్పడం, అదే నా సంసారం. అందరికీ నీళ్లు సరిగ్గా అందుతుంటే నా గుమ్మం తొక్కాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఏదన్నా కొనుక్కోవాలన్నా పైవాళ్లు వరండాలోంచి తాడు దించుతారు, రంగూన్‌లో అందరిళ్లకీ ఉంటుందది, కింద అమ్మేవాళ్లు సంచీ తగిలించి కదిపితే పైన గంట మోగుతుంది, లాగేసుకుంటారు, మనిషి మొహం మనిషి చూడక్కర్లేదు. పొద్దుటినించి సాయంత్రం దాకా నోరు విప్పని రోజులుండేవి, విప్పితే గొంతు బొంగురుగా వచ్చేది.

ఒకరోజు పొరపాటున ఐదో వాల్వు బిగువుగా ఉండిపోయింది. ఆ అంతస్తులో ఉండే గంజాం వైపు ఆవిడ బకెట్టు పట్టుకుని అన్ని మెట్లూ దిగి వచ్చింది. "ఏటప్పా, మా మీద కోపమేటి? గొట్టం బుసకొడతంది గానీ సుక్క రాలేదు" అని నవ్వింది. వాల్వు తిప్పి, డ్రమ్ము నిండేదాకా కూర్చోమని పీట వేసి, ఇక్కడివాళ్లు తినే ఊరబెట్టిన తేయాకు, వేయించిన పప్పులేసి కలిపి పెట్టాను. తెలుగులో అడిగితే బర్మా భాషలో జవాబిచ్చే కోడలి మీద ఆవిడ చాడీలు చెప్పింది, సగం తెలుగు, సగం ఒరియా. ఆవిడ వెళ్లాక ఇల్లు అంతకు ముందుకన్నా ఖాళీగా తోచింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్తాను, మీరేమనుకున్నా సరే. నాలుగైదు రోజులకోసారి ఆ వాల్వు కావాలనే బిగించేదాన్ని. బిగించి, తేయాకు కలిపి పెట్టుకుని, మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం కూర్చునేదాన్ని. ఆవిడ ప్రతిసారీ వచ్చేది. ఏడాది పైగా అలా సాగింది. మోకాలు పట్టేసి గోడ ఆనుకుంటూ దిగుతోందని చూసి కూడా మానలేదు. మా ఆయన ఉంటే ఆ పానాతోనే నా చెయ్యి విరగ్గొట్టేవాడు.

ఒకనాడు ఆవిడ బకెట్టు లేకుండా వచ్చింది. పీట వేసినా కూర్చోకుండా నేరుగా సందులోకి పోయి, వాల్వు తనే తిప్పి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నాకెప్పుడో తెలుసప్పా. మా డ్రమ్ముల్లో రెండ్రోజుల నీల్లుంటాయి, నీకోసమే దిగీదాన్ని. రమ్మంటే సాలు గదా, వత్తాను. ఊరికే దాన్ని తిప్పకు" అంది. కోపంగా కూడా అనలేదు. అంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఐదో వాల్వు తెరిచే ఉంచాను. కానీ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవను? వాళ్ల తాడు మా కిటికీ ముందే వేలాడేది, రెండుసార్లు పట్టుకుని కదపకుండానే వదిలేశాను. పిలుస్తానని చూసిందో, అలిగాననుకుందో, ఆవిడా దిగలేదు. ఇంకో ఏడాదికి వాళ్లు ఊళ్లోనే దూరంగా, చిమిండైంగ్ వైపు ఇల్లు మారిపోయారు. సామాను దించిన రోజు గుమ్మంలో ఆగి "పోయొత్తానప్పా" అంది. మంచిదమ్మా అన్నాను. లోపలికి రమ్మని అప్పుడైనా అనాల్సింది.

ఇప్పుడు అంతస్తుకొక మోటారు వచ్చింది. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి మొదలవుతాయి, ఎవరి నీళ్లు వాళ్లవి. ఒకందుకు మంచిదే, నాలాంటి దాని చేతిలో పదిమంది నీళ్లు ఉండకూడదు. కానీ మన రోజుల్లో ఒకరింటికి పోవడానికి ఏదో ఒకటి తక్కువపడేది, చిటికెడు ఉప్పో, పిడక మీద నిప్పో, చెంబెడు నీళ్లో. ఆ వంకన వెళ్లి, అడగాల్సింది అడగడం మరిచిపోయి, కూర్చుని కబుర్లాడి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఎవరికీ ఏదీ తక్కువపడదు. ఊరికే రా, కాసేపు కూర్చో అనే మాటొక్కటే మిగిలింది. అది అనడం ఈ వయసుకీ నాకు రాలేదు.