బుల్లబ్బాయిగారి గోడ కథలు

రాజమండ్రి పాతకోటలో కాపురమున్న బుల్లబ్బాయిగారికి ఒకటే జబ్బు. పొద్దున్నే ఎవరైనా పనిమీద బయలుదేరి కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని కోటగోడ దగ్గరికి లాక్కుపోయి, మొహం గోడవైపు తిప్పి నిలబెట్టి కథ చెప్పేవారు. ఆ కథ ఏనాడూ పూర్తి చేసేవారు కాదు.

అప్పటికింకా ఊరికి రైలు రాలేదు. కోట సగం విరిగి, సగం నిలిచి ఉండేది. అగడ్త పూడిపోయి, అందులో కందా చేమా పండేవి. బురుజు తొర్రల్లో చిలకలు కాపురముండేవి. గోడ వెనక సందుల్లో మిట్టమధ్యాహ్నం కూడా నీడే. ఏ ఇంట్లో పప్పు తిరగమోత పెట్టినా సందంతా ఇంగువ వాసన. ముసలితనంలో రాజమండ్రిని తలుచుకున్నప్పుడల్లా గంగరాజుకి ముందు ఆ సందులే గుర్తొచ్చేవి, తరువాతే గోదావరి.

గంగరాజు తణుకు నుంచి వచ్చి జిల్లా కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరాడు. బుల్లబ్బాయిగారి వీధిగదిలో మకాం. మనిషి మంచివాడే గాని శకునాల పిచ్చి జాస్తి. విధవరాలు ఎదురైతే ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడు. చేరిన కొత్తలోనే అలా ఆలస్యమైతే శిరస్తాదారు కళ్ళెర్రజేశాడు.

"ఇంకొక్కసారి ఆలస్యంగా వచ్చావంటే తణుకు పడవెక్కెయ్యవయ్యా" అన్నాడు.

ఇంటి దగ్గర తల్లీ తమ్ముళ్ళూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. గంగరాజుకి నిద్ర పట్టలేదు. అది చాలదన్నట్టు మర్నాటి నుంచి బుల్లబ్బాయిగారు తోడు తగులుకున్నారు.

"పెద్దవీధిన వద్దు గంగరాజూ, సందుల్లోంచి పోదాం పద."

"ఆలస్యమవుతుందండి."

"అవ్వదయ్యా. నేనున్నానుగా!"

మొండిబురుజు మలుపు రాగానే ఆయన గంగరాజు భుజాలు పట్టి గిర్రున తిప్పి, అరచెయ్యి గోడకి ఆనించారు.

"ఈ గుంట ఎలా పడిందనుకున్నావు? పట్టపుటేనుగు వీపు గోక్కుంది. మావటివాడు ఎంత చెప్పినా వినలేదు. చివరికి రాణిగారే బురుజెక్కి, ఏనుగుకేసి ఉరిమి చూసి..." అంటూ ఓసారి వెనక్కి చూసి, "సరే, ఇంక పద" అన్నారు.

"రాణిగారు ఏం చేశారండీ?"

"ఆలస్యమవుతుందన్నావుగా!"

మర్నాడు అదే గుంట ఫిరంగిగుండు దెబ్బ అయింది.

"నిన్న ఏనుగన్నారు కదండీ?"

"ఏనుగు గోక్కున్న చోటే గుండు తగిలింది. అంత గురి ఉండేదయ్యా ఆ రోజుల్లో!"

కోటలో ఆయన చేతికి చిక్కనివాళ్ళు లేరు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి బండి కట్టుకుని బయలుదేరిన దొరబాబు కుటుంబాన్ని మొత్తం దింపి, వరసగా గోడవైపు నిలబెట్టారు. ఎద్దుల్ని కూడా తిప్పబోతే బండివాడు ఒప్పుకోలేదు.

కార్తీకమాసంలో బుల్లబ్బాయిగారికి కాలు బెణికింది. చింతాకు కట్టుతో ఆయన మంచమెక్కితే గంగరాజు లోలోపల సంతోషించాడు. మర్నాడే కోర్టులో జడ్జిదొరగారి తనిఖీ. గంట కొట్టేలోగా అందరూ తమ తమ చోట ఉండాలని శిరస్తాదారు హెచ్చరించాడు. గంగరాజు పెందలాడే బయలుదేరాడు. అలవాటుకొద్దీ కాళ్ళు సందుల్లోకే దారి తీశాయి.

మొండిబురుజు మలుపులో ఎదురుగా మహాలక్ష్మమ్మ. గోడకి చేరవేసిన పాకలో ఒంటరిగా ఉండే విధవరాలు. గోదావరి స్నానం చేసి, తడిచీరతో, నీళ్ళచెంబుతో వస్తోంది. గంగరాజుని చూసి గతుక్కుమని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

"తప్పయిపోయింది నాయనా. బుల్లబ్బాయిగారి గొంతు వినబడకపోతే ఇంకా ఎవరూ బయలుదేరలేదనుకున్నాను."

"ఆయన గొంతుతో మీకేం పనండీ?"

"ఆయన మీ అందర్నీ గోడవైపు తిప్పితేనే కదయ్యా, నేను వెనకనుంచి దాటేది! అంతకుముందు ఎవరికి ఎదురైనా తిట్లే. గోదారి పక్కనే ఉన్నా స్నానానికి వెళ్ళడం మానేశాను. నువ్వొచ్చిన కొత్తలో నన్ను చూసి వెనక్కి తిరిగావు కదూ? అది ఆయన చూశారు. ఇంక నీకు రోజూ కథే."

గంగరాజుకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి తిరిగి వెళితే ఉద్యోగం పోతుంది. ముందుకి వెళితే శకునం బాగాలేదు. రెండూ తూచుకుంటూ చూస్తే ఆ ముసలావిడ తడిచీరలో గజగజ వణుకుతోంది. తనవల్లే కదా ఆ చలిలో అలా నిలబడిందని తోచాక ఇంక తూచబుద్ధి కాలేదు.

"మహాలక్ష్మమ్మగారూ, కొంగు తియ్యండి. నేను పనిమీద వెళుతున్నాను. ఎదురు రండి."

"వద్దు నాయనా, నీకేదన్నా అయితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

"మీరు వచ్చేదాకా కదలనండి. ఆలస్యమైతే నా ఉద్యోగం పోతుంది, ఆపైన మీ ఇష్టం!"

ఆవిడ బిక్కుబిక్కుమంటూ నడిచి వచ్చింది. గంగరాజు దణ్ణం పెట్టి పరుగందుకున్నాడు. గంట కొట్టకముందే వచ్చిన గంగరాజుని చూసి శిరస్తాదారు, "వంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

సాయంత్రం ఇంటాయన మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"మరి కథ మధ్యలో ఆపేసేవారేంటండీ?"

"ఆవిడ దాటేశాక ఇంకెందుకయ్యా?" అని బుల్లబ్బాయిగారు సిగ్గుపడి అటు తిరిగి పడుకున్నారు.

గంగరాజు నోరు ఊరుకోలేదు. మహాలక్ష్మమ్మగారు ఎదురొచ్చిన రోజున తన ఉద్యోగం నిలబడిందని కోర్టు వరండాలో అందరికీ చెప్పాడు. వాయిదాలకి తిరిగి తిరిగి విసిగిపోయిన కక్షిదారులు విన్నారు. బుల్లబ్బాయిగారు కాలు కుదిరి సందులోకి వచ్చేసరికి మొండిబురుజు దగ్గర జనం.

"అమ్మా, నాకు ఎదురు రండమ్మా!"

"ముందు నాకండీ, ఇవాళే నా వాయిదా!"

వాళ్ళ మధ్య చెంబు పట్టుకుని మహాలక్ష్మమ్మ ఉక్కిరిబిక్కిరవుతోంది. కొంగు భుజం మీదే ఉంది. కోప్పడుతున్నట్టే ఉంది గాని, మొహం నవ్వు ఆపుకోలేకుండా ఉంది.

"బుల్లబ్బాయిగారూ, మీకు పుణ్యముంటుంది, వీళ్ళని కాస్త ఆ గోడవైపు తిప్పండి. స్నానం చేసి రావాలి!"

బుల్లబ్బాయిగారు పంచె ఎగ్గట్టి, అందర్నీ వరసగా నిలబెట్టి, గొంతు సవరించుకుని రాణిగారిని మళ్ళీ బురుజెక్కించారు.