బట్టీ పక్క పల్లం

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ యాభైకి, భూగర్భశాస్త్రం చదువుతున్న మా అక్క మనవరాలు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇసుక కలిసిన సున్నపురాయి పక్కకు భూమి లోపలి శిలాద్రవం చేరితే, ఆ వేడికి రాయి వొల్లాస్టొనైట్ అనే తెల్లటి ఖనిజంగా మారుతుందనీ, అప్పుడు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, విడుదలవుతుందనీ అందులో ఉంది. “ఆ వాయువు ఎటు పోతుంది అమ్మమ్మా?” అంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

యాభై రెండేళ్ళ క్రితం ఆ ప్రశ్న మీదే నేను పరిశోధన వ్యాసం రాస్తున్నాను. కనిగిరి వైపు కొండల్లో ఏరిన ముప్పై ఏడు రాళ్ళకు నంబర్లు వేసుకుని, పిడుగురాళ్ళ దగ్గర మా నాన్న సున్నపు బట్టీని ఆనుకున్న ఇంట్లో కూర్చుని రాసేదాన్ని. వాయువు రాతిలోనే చిక్కుకుంటే మార్పు మందగిస్తుంది. పగుళ్ళ వెంట నీరు చేరి దాన్ని పలచన చేస్తే తక్కువ వేడికే సాగుతుంది. బట్టీలో వెలువడేదీ ఆ వాయువే. వంద మణుగుల మంచి రాయి కాలిస్తే యాభై ఆరు మణుగుల సున్నం, మిగతా నలభై నాలుగూ గాలిలోకి.

జనవరి పద్దెనిమిది, శుక్రవారం, ఉదయం ఆరూ ఇరవై. మిరప కోతల రోజుల్లో మూడేళ్ళ కూతురితో పుట్టింటికి వచ్చిన అక్క, తలంటుకుని వణుకుతూ నా గుమ్మంలో నిలబడి, “ఏమే పండితురాలా, అత్తారింటిక్కూడా ఈ రాళ్ళు మోసుకుపోతావా?” అని నవ్వింది. వాక్యం చెదిరిపోతుందన్న విసుగుతో తలెత్తకుండానే, “బట్టీ పక్క పల్లంలో కూర్చో అక్కా, వెచ్చగా ఉంటుంది, చలిగాలి తగలదు” అన్నాను.

గాలి ఆడని పల్లంలో, గాలికన్నా బరువైన ఆ వాయువు నీళ్ళలా నిలిచి ఊపిరాడనివ్వదని ఆ ఇంట్లో చదివి తెలుసుకున్నదాన్ని నేనొక్కదాన్నే. కూలీలెవరూ అక్కడ కూర్చునేవారు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఏడూ పదికి నాన్న అక్కను చేతుల మీద తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు. జుట్టు పూర్తిగా ఆరిపోయి ఉంది.

గుండె ఆగిందన్నారు అందరూ. నేను కాదనలేదు.

ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లు. ఏడాదికోసారి గోడలకు సున్నం వేసుకునే మా తరం ఇళ్ళూ పోయాయి, ఆ వాసన గుర్తున్నవాళ్ళూ తగ్గిపోతున్నారు. ఇదంతా రాసిన ఈ కాగితాలు ముందుగా ఆ మనవరాలికే ఇస్తాను. చదివాక నన్ను అమ్మమ్మా అని పిలుస్తుందో లేదో తెలియదు.

పోయినవి: అక్క, ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలల వయసులో. మూడేళ్ళ బిడ్డకు తల్లి. నాన్న బట్టీ, ఆ వారమే ఆర్పేశాడు. నా వ్యాసం, ఎనభై రెండో పేజీ దగ్గర. అమ్మ పదకొండేళ్ళు, కూతురు ఎందుకు పోయిందో తెలియకుండానే బతికినవి.