మూడు వేళ్ల పిడకలు

మా ఊరు శంషాబాద్ పక్కనే. ఎండలు మొదలయ్యే రోజుల్లో మా ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్న పూట నాకు గుర్తు లేదు. చలి విరగగానే మా అత్త పనులన్నీ ముందరేసుకునేది. ఒకరోజు ఎర్రమన్ను తెచ్చి గోడలు అలకడం. ఒకరోజు కుమ్మరి ఇంటికి పోయి కొత్త కుండను వేలితో కొట్టి, మోత బాగుంటేనే నెత్తికెత్తుకోవడం. మోదుగ కొత్తాకు వేసిందంటే పొద్దున్నే గుట్టకు పోయి మూటలు కట్టుకొని వచ్చి, నీడన ఆరబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుట్టేవాళ్లం. నా కుట్టు వంకరగా ఉండేది. నేను కుట్టిన విస్తట్లో పప్పు పోస్తే మనిషి కంటే ముందు నేల తాగుతుందని మా అత్త అనేది. అని, తినేటప్పుడు నా విస్తరే తను వేసుకునేది.

చింతచిగురు వచ్చే రోజుల్లో కూరేమిటని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మా ఆయన చెట్టెక్కి దూస్తుంటే నేను కింద కొంగు పట్టుకొని నిలబడేదాన్ని. సగం చిగురు, సగం ఎర్రచీమలు. చీమ కుట్టి నేను ఎగిరినప్పుడల్లా పైనుంచి నవ్వేవాడు. కొమ్మల్లో మనిషి కనపడేవాడు కాదు, నవ్వు ఒక్కటే వినపడేది. ఆ చెట్టు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్లు చేసి రాళ్లు పాతారు. మాకు మిగిలింది ఇల్లు, ఇంటి వెనక పెరడు, ఒక బర్రె. పెరట్లో నిలబడితే విమానం కడుపు కనపడుతుంది. మా బర్రె దానికి తల కూడా ఎత్తదు.

ఆ పెరట్లో మా అత్త కాలం నుంచి గుత్తి బీర ఉంది. అంగట్లో దొరికే పొడుగు బీర కాదు. బొటనవేలికి కాస్త పెద్దగా, ఒక్క కాడకు ఐదారు కాయలు గుత్తిగా కాస్తుంది. చెక్కు తీసే పని లేదు. నువ్వులపొడి వేసి వండితే పొయ్యి మీద ఉండగానే ఇల్లంతా వాసన వస్తుంది. ఆ విత్తనం మా అత్త తన తల్లిగారింటి నుంచి తెచ్చుకుంది. కొనే విత్తనం కాదు. పోయిందంటే పోయినట్టే.

దాన్ని దాచే తీరు కూడా మా అత్తే నేర్పింది. చలికాలంలో ముదిరి ఎండిన కాయలు కొట్టి, గింజలను పచ్చి పేడలో కలిపి పిడకలు చేసి గోడకు కొట్టాలి. అట్లా ఆరిన గింజకు పురుగు రాదు, ఎలుక ముట్టదు. కానీ పొయ్యిలో పెట్టే పిడక, విత్తనాల పిడక చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. అందుకని పొయ్యి పిడకను ఐదు వేళ్లూ ఆనించి కొట్టాలి. విత్తనాల పిడకను మూడు వేళ్లతో నొక్కాలి. ఆ మూడు గుర్తులున్న పిడక జోలికి మా ఇంట్లో ఆడవాళ్లెవరూ పోయేవాళ్లు కాదు. ఉగాది నాడు పొద్దున్నే దాన్ని నానేసి, విరిచి, గింజ నేలలో వేసేవాళ్లం. మా అత్త ఉన్నన్నాళ్లూ ఆ పొద్దు తప్పలేదు.

పందిరి మా ఆయన పని. వాయిలి కట్టెలు తెచ్చి తన ఎత్తుకు కట్టేవాడు. నాకు చెయ్యి అందేది కాదు. కాయ కావాలన్నప్పుడల్లా ఆయన్ను పిలవాలి. జర కిందికి కట్టరాదూ అని ఎన్నిసార్లు అడిగానో.

“కిందికి కడితే నన్నెవరు పిలుస్తరే?” అనేవాడు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ ఏడు పందిరి నేనే కట్టాను, నా చెయ్యి అందే ఎత్తుకు. కట్టి, దాని కింద కూర్చొని ఏడ్చాను. ఏడ్చి లేచి బర్రెకు నీళ్లు పెట్టాను.

మా కొడుకు ఎయిర్‌పోర్టులో కారు నడుపుతాడు. రెండేళ్ల కిందట పెళ్లయింది. కోడలు గగన్‌పహాడ్ పిల్ల. అక్కడ కంపెనీల నడుమ ఒక్క అర్రలో కిరాయికి ఉండి పెరిగింది. మా ఇంటికి వచ్చిన కొత్తలో బర్రె తోక ఊపితే రెండడుగులు వెనక్కి పోయేది. కానీ పని నేర్చుకోవాలని ఆశ. నా వెంటే తిరిగేది. ముగ్గు నేర్పాను, పొయ్యి అలకడం నేర్పాను, సల్ల మిరపకాయలు ఊరబెట్టడం నేర్పాను. నాకు అక్షరాలు రావు. నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది కూడా ఆమే.

ఒక్క విత్తనాల పిడక సంగతి మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. గింజలు కలిపే రోజు ఆమె మధ్యాహ్నం పడుకునేదాకా ఆగి చేసుకున్నాను. ఈ ఇంట్లో నా చేతికే తెలిసిన పని ఒక్కటైనా ఉండాలని నా మనసులో ఉండేది. మనిషి పోయాక ఇంట్లో ఆడదాని మాట ఎంత పలచబడుతుందో పోయిన ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. ఆ గోడ ముందు నిలబడితే నేను ఇంకా ఇంటిదాన్నే అనిపించేది.

ఈ ఉగాదికి మూడు రోజుల ముందు మామిడిపల్లిలో ఉన్న మా చెల్లెలికి మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే చూసి రావడానికి పోయాను. ఒక రాత్రి ఉండి మర్నాడు మధ్యాహ్నం ఆటోలో దిగాను. పెరటి వాకిట్లోకి రాగానే గోడ కనపడింది. ఎర్రమన్నుతో నున్నగా అలికి ఉంది. కింద తెల్లటి ముగ్గు గీతలు. అంత అందంగా నేను కూడా ఏనాడూ అలకలేదు. పొయ్యి మీద పెనం, పక్కన గిన్నెలో భక్ష్యాలు. కోడలి మోచేతుల దాకా ఎర్రమన్ను.

“పండుగకు ముందే అన్నీ అయిపోగొట్టిన అత్తమ్మా. గ్యాసు మీద చేస్తే రుచుండదని నువ్వంటవు గద, కట్టెల పొయ్యి మీదనే చేసిన. ఒకటి తిని చూడు.”

“గోడ మీద పిడకలేవి?” అన్నాను.

“అలకాలంటే తీయాలె గద. మంచిగ ఎండినయి. గవే పొయ్యిల పెట్టిన. ఏందో చిటపటమన్నయి, ఉప్పుగల్లు పడ్డదేమో అనుకున్న.”

ఆ చిటపట నా చెవిలో ఇప్పటికీ ఉంది. నేను వినకపోయినా ఉంది. పొయ్యి ముందు కూలబడి చేత్తో బూడిద కెలికాను. లోపల ఇంకా నిప్పుంది, వేళ్లు కాలాయి. నల్లగా పగిలిన గింజలు నాలుగు దొరికాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట రాయొద్దని కోడలు అంటోంది. రాయమన్నాను. నేనన్న మాటే గదా.

“కిరాయి అర్రలల్ల పెరిగినదానికి గోడ మీదిది ఏందో ఎట్ల తెలుస్తది?”

ఆమె చేతులు కడుక్కుంది. పెనం దించి పొయ్యి ఆర్పింది. ఎందుకు అరిచానో అడిగితే పిడక సంగతీ, మూడు వేళ్ల సంగతీ అప్పుడు చెప్పాను. మొత్తం విని నెమ్మదిగా ఒక్క మాటంది.

“నువ్వు చెప్పలేదు గద అత్తమ్మా.”

సాయంత్రం కొడుకు వచ్చి నాలుగు భక్ష్యాలు తిని, ఇల్లెందుకు ఇంత సప్పుడు లేకుండా ఉందని అడిగాడు. సంగతి విని, బీర విత్తనాల పాకెట్ తెస్తానని, దానికింత పరేషాన్ ఎందుకని అన్నాడు. ఇద్దరం ఒక్కసారే వాడి వైపు చూసేసరికి ఇంకో భక్ష్యం తీసుకొని ముందర వాకిట్లోకి పోయాడు.

ఆ విత్తనం ఇంకెక్కడైనా ఉందా అని కోడలు అడిగింది. ఉంటే ఒక్క ఇంట్లోనే ఉండాలి. అక్కడికి పోవడం నాకు ఇష్టం లేదు.

మా అత్తకు ఒక పద్ధతి ఉండేది. ఉగాదికి ముందు మూడు ఇళ్లకు తలా ఒక పిడక ఇచ్చాకే తన గింజ వేసేది. మన పెరట్లో ఎండిపోయినా పక్క పెరట్లో బతికి ఉంటుందని. రెండు ఇళ్లవాళ్లు భూములమ్ముకొని పట్నం పోయారు. మిగిలింది పాల్మాకులలో నాకు యారాలు వరసయ్యే మనిషి, మా మామ అన్న కోడలు. మా ఆయన పోయిన ఏడు కూడా పద్ధతి తప్పొద్దని పిడక తీసుకొని ఆమె ఇంటికి పోయాను. చెయ్యి చాపితే అందుకోలేదు. పండుగ పూట ముండమోసిన చేతి విత్తనమని ఆమె అనలేదు, అనాల్సిన పనీ లేదు. అరుగు మీద పెట్టిపో చెల్లె అంది. పెట్టి వచ్చాను. ఆ తర్వాత ఎవరికీ ఒక్క గింజ ఇవ్వలేదు. నా పెరట్లోనే కాయనీ, నా గోడ మీదనే ఆరనీ అనుకున్నాను. మొన్న దసరా ముందు ఆమె పెనిమిటి చనిపోయాడని కబురు వచ్చినా పోలేదు. జ్వరమని చెప్పించాను. జ్వరం లేదు.

తనొక్కతే పోయి అడుగుతానని, నన్ను ఇంట్లో ఉండమని కోడలు అంది. ఆమె అట్లా అన్నాక ఇంట్లో కూర్చోవడానికి నాకే మొహం చెల్లలేదు. తెల్లవారి ఇద్దరం పాల్మాకుల పోయాం.

యారాలు వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. మెడ బోసిగా ఉంది. మనిషి సగమైంది. కూర్చోమంది, మేం కూర్చున్నాం. కొడుకు బాగున్నాడా, బర్రె పాలిస్తోందా అని అడిగింది. నేను తల ఊపాను. వచ్చిన పని కోడలే చెప్పింది. తప్పంతా తన మీదే వేసుకుంది. నేను చెప్పలేదన్న సంగతి ఎక్కడా ఎత్తలేదు.

యారాలు చూరు వైపు చూసింది. నేనూ చూశాను. వాసానికి ఎండిన కాయలు ఒక గుత్తి వేలాడుతోంది. చిన్నవి. అవే.

“యేడాదికోపారి వేస్తున్న. మీ అత్త చేతిది గద, పోనిస్తనా.” అని కుర్చీ వేసుకొని ఎక్కి గుత్తి తెంపింది. దిగి, నా ముందు నుంచే నడిచి పోయి, దాన్ని అరుగు అంచు మీద పెట్టింది. “గీడ పెడుతున్న. నీ కోడలు తీసుకుంటది. రేపు పండుగ, నా చెయ్యి ఇప్పుడు మంచిది గాదు.”

ఆ మాట ఆమె నన్ను పొడవడానికి అనలేదు. తన చెయ్యి అట్లాంటిదేనని నిజంగా నమ్మి అంది. నాలుగేళ్లుగా ఆ అరుగును తలుచుకొని ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఒక్క మాట అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అనాలని నోటిదాకా వచ్చింది కూడా. కోడలు అరుగు వైపు కదిలింది. ఆమె చెయ్యి పట్టి ఆపాను.

“అక్కా,” అన్నాను, “నా చేతుల పెట్టు.”

ఆమె అరుగు వైపు తిరిగింది. గుత్తి తీసి నా రెండు చేతుల్లో పెట్టింది. వెంటనే చెయ్యి తీయలేదు. కాయలకు బరువే లేదు, లోపల గింజలు గలగలమన్నాయి. నీ మనిషి పోయినప్పుడు నేను రాలేదు అక్కా, జ్వరం అబద్ధం అని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపింది. నేను గూడ అప్పుడు మంచిగ చేయలేదు చెల్లె అంది. ఆమె చింతపండు ముందరేసుకుంటే మేమిద్దరం చెరో పక్కన కూర్చొని గింజ తీసిపెట్టాం. పొద్దెక్కేదాకా అక్కడే ఉన్నాం.

ఉగాది నాడు ఆమె మొదటి ఆటోకే మా ఇంటికి వచ్చింది. కోడలు గుంతలు తీసింది. ఎంత లోతు, ఎంత ఎడం, ఏ గింజ పనికొస్తుంది, నీళ్లలో వేస్తే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్నీ అడిగింది, అన్నీ చెప్పాం. నేను చెప్పింది యారాలు కాదంటే, యారాలు చెప్పింది నేను కాదన్నాను. ఆఖరికి కోడలు తనకు తోచినట్టు వేసుకుంది.

పద్నాలుగు మొలిచాయి. వాటిలో రెండింటిని కోళ్లు తిన్నాయి. నిన్న మొదటి గుత్తి దిగింది, ఒక్క కాడకు ఆరు కాయలు. నాలుగు వండుకున్నాం. రెండు విత్తనానికి తీగకే ఉంచాం.